ఎవరి సైటు, ఎవరి సాక్ష్యం?

వైవా జరుగుతున్న గదిలో మేం వెనక వరసలో కూచుని వున్నాం. పరిశోధకుడు మాదిగపల్లె నుంచి వచ్చినవాడు. నాలుగేళ్లపాటు మూడు వూళ్లు తిరిగి, తోలుపని వదిలేసి కూలికి పోతున్న కుటుంబాలతో మాట్లాడి, ముసలివాళ్ల మాటల్ని రికార్డు చేసుకుని, వాటిని మళ్లీ వాళ్లకే వినిపించి సరిచూసుకుని రాసిన థీసిస్ అది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఆ మూడు వూళ్ల గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఉపోద్ఘాతంలో ఒక పేజీ తీశాడు. ‘అంబేద్కర్‌ని కొలంబియా విశ్వవిద్యాలయం ప్రపంచంలోనే మొదటి పండితుడిగా ప్రకటించిందని రాశారు. ఎక్కడిదండీ ఇది?’ అన్నాడు. మావాడు ఒక వెబ్‌సైట్ పేరు చెప్పాడు. ఆయన నవ్వాడు. పక్కనున్నవాళ్లూ నవ్వారు. ఆ తర్వాత మావాడు ఏం చెప్పినా ఆ నవ్వులోనే కొట్టుకుపోయింది.

డిగ్రీ వచ్చింది, అది వేరే సంగతి. కానీ నాలుగేళ్ల చాకిరీని ఒక్క వాక్యం బలి తీసుకోవడం మేం కళ్లారా చూశాం. పైగా ఆ పేజీని వైవాకి ముందు మేమూ చదివాం. చదివి దాటేశాం. మనకి గర్వంగా వుండే మాట కాబట్టి మాకూ అనుమానం రాలేదు. నవ్వింది వాళ్లే అయినా తప్పులో మా పాలూ వుంది.

ఆ సాయంత్రం హాస్టల్లో రెండు రకాల మాటలు విన్నాం. ‘పుష్పక విమానాన్ని విజ్ఞానశాస్త్రం అని చెప్పుకునేవాళ్లు మన సైటు చూసి నవ్వడమేంటి?’ అని కొందరు. ‘ఇక మీదట ప్రభుత్వ సైట్లు, యూనివర్సిటీ సైట్లు తప్ప వేరేవి ముట్టుకోవద్దు’ అని ఇంకొందరు. మొదటి మాటలో కోపం న్యాయమైందే, కానీ దానితో థీసిస్ నిలబడదు. రెండో మాట బుద్ధిగానే కనిపిస్తుంది గానీ, దాన్ని పాటిస్తే మన మీద పరిశోధన చేసేవాడికి మనం రాసుకున్నదేదీ మిగలదు. ముట్టుకోవద్దన్న మాట మన హాస్టల్లోనే పుట్టడం చూస్తే నవ్వొచ్చింది కూడా. ఈ రెంటికీ మధ్య విద్యార్థి నిలబడగలిగే చోటు ఏదన్నదే ఇక్కడ మా చర్చ.

వెబ్‌సైట్ నమ్మదగిందో కాదో తేల్చుకోవడానికి విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో ఒక పరీక్ష నేర్పుతుంటారు. దీని మూలం అమెరికాలో వుంది. 2004లో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ, చికో గ్రంథాలయంలో సారా బ్లేక్‌స్లీ, ఆమె తోటి లైబ్రేరియన్లు విద్యార్థుల కోసం ఐదు ప్రశ్నలు తయారుచేశారు. సమాచారం తాజాదా? నీ అంశానికి పనికొచ్చేదా? రాసినవాడికి అధికారం వుందా? చెప్పింది నిజమేనా? ఎందుకు రాశారు? మనవాళ్లు అవే ప్రశ్నల్ని పట్టుకొచ్చి వర్క్‌షాపుల్లో చెబుతున్నారు. ప్రశ్నలు చెడ్డవేం కావు. కానీ ఇక్కడ వాటిని వాడే తీరు వేరుగా వుంది. ఐదింటిలో నాలుగు మాయమై, ‘రాసినవాడికి అధికారం వుందా’ అన్నదొక్కటే మిగులుతోంది. అధికారం ఎక్కడుంటుంది? ప్రభుత్వంలో, విశ్వవిద్యాలయంలో, పెద్ద పత్రికలో. ఈ మూడు చోట్లా కుర్చీలు ఎవరివో చెప్పాల్సిన పనిలేదు. అంటే సైటు నమ్మకమైందా అన్న ప్రశ్న తిరిగి తిరిగి, ఆ సైటు ఎవరిది అన్న దగ్గరికే వస్తోంది. వూళ్లో మంచినీళ్లు ఎవరి చేతివి అని అడిగినట్టే.

ఈ పరీక్షలో లోపాన్ని అమెరికావాళ్లే కనిపెట్టారు. స్టాన్‌ఫర్డ్‌లో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో ఒక అధ్యయనం బయటపెట్టారు. పదిమంది చరిత్రకారుల్ని, ఇరవై ఐదుమంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల్ని, వార్తల్లో నిజానిజాలు సరిచూడటమే వృత్తిగా వున్న పదిమందిని కూచోబెట్టి, తెలియని సైట్లు చూపించి ఏమంటారో చూశారు. పీహెచ్‌డీలున్న చరిత్రకారులు సైటు అందచందాలకీ, బొమ్మలకీ, బరువైన పేర్లకీ మోసపోయారు. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘాలు రెండున్నాయి. ఒకటి వేలమంది సభ్యులతో ఎంతో కాలంగా వున్నది. రెండోది దానినుంచి చీలిపోయిన చిన్న గుంపు, కానీ పేరు దాదాపు ఒకటే. ఆ తేడా చాలామంది పండితులకి తట్టలేదు. నిజానిజాలు చూసే వృత్తివాళ్లు మాత్రం ఆ సైటులో కూచుని చదవలేదు. వెంటనే బయటికొచ్చి, ఈ సైటు గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో వెతికారు. తేలిగ్గా పట్టేశారు. దీనికి పక్కచూపు చదువు అని మేం పేరు పెట్టుకున్నాం.

మంచి పద్ధతి. మా విద్యార్థులకి మేమూ చెబుతున్నాం. అయితే దళితుల విషయానికి వచ్చేసరికి ఇందులో ఒక చిక్కుంది. పక్కకి చూస్తే అక్కడ ఎవరో ఒకరు ఆ సంగతి రాసి వుండాలి కదా. వెలివాడ గురించి పక్కింటివాళ్లు ఏం రాశారు? చాలాసార్లు ఏమీ రాయలేదు. రాసినచోట ఒకరు రాసిందాన్నే పదిమంది ఎక్కించుకున్నారు. పది సైట్లు ఒకే మాట అంటే పదిమంది సాక్షులని విద్యార్థి అనుకుంటాడు. విప్పి చూస్తే ఒకే వార్త, అదే వాక్యం, అదే అచ్చుతప్పు. ఆ పది ఒకటిగానే లెక్క.

చుండూరు సంగతే తీసుకుందాం. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపేసిన వూరు. దీని మీద సెమినార్ పేపర్ రాయమంటే ఒక విద్యార్థి వచ్చి ‘సార్, నెట్లో పెద్దగా ఏమీ లేదు’ అన్నాడు. ఎలా వెతికావని అడిగాం. ఇంగ్లీషులో ‘చ’ పలికే అక్షరాలతో ఒకేలా వెతికాడు. ఆ వూరి పేరు మొదటి అక్షరం పాత తెలుగులో దంత్య చకారం, ‘ౘ’. దొరల కాలం నుంచి కాగితాల్లో దాన్ని ఇంగ్లీషులో ‘ట్స’ అని పలికేట్టు రాస్తూ వచ్చారు. పత్రికలు కొన్ని ‘చ’ అని రాశాయి, కొన్ని చివర ‘రు’ పెట్టాయి, కొన్ని ‘ర్’తో ఆపేశాయి. మూడు నాలుగు రకాలుగా వెతికితే గానీ ఆ వూరు మొత్తం దొరకదు. తెలుగులో వెతికితే ఇంకో గోడ. యూనికోడ్ రాకముందు మన దినపత్రికల సైట్లు ఎవరి ఫాంటు వాళ్లు వాడుకున్నాయి. ఆ పాత పేజీలు ఎక్కడన్నా మిగిలి వున్నా వెతికే యంత్రానికి అవి అక్షరాలే కావు. ఇక 1990ల మొదట్లో వచ్చిన ‘నలుపు’ లాంటి పత్రికల్లో వున్నది చదవాలంటే పాత కట్టలు ఎవరి దగ్గరున్నాయో కనుక్కుని బస్సెక్కాల్సిందే. నెట్లో లేదంటే జరగలేదనీ, రాయలేదనీ కాదు.

సరే, దొరికాక ఏమైంది? ఒక సైటులో గుంటూరు జిల్లా అని వుంది, ఇంకోచోట బాపట్ల జిల్లా అని. ఏదో ఒకటి తప్పని విద్యార్థి తేల్చేశాడు. రెండూ నిజమే. 2022 ఏప్రిల్‌లో జిల్లాల్ని విడగొట్టినప్పుడు చుండూరు బాపట్లలోకి పోయింది. అంతకుముందు ప్రకాశంలో వున్న కారంచేడు కూడా అందులోకే వచ్చింది. 1985లో, 1991లో రెండు జిల్లాల పేర్లతో రాసిన రెండు వూళ్లు ఇవాళ ఒకే జిల్లా. చనిపోయినవాళ్ల లెక్క ఎక్కువ చూపించే సైట్లు కూడా వున్నాయి. ఆ నెల తర్వాత పోలీసు కాల్పుల్లో చనిపోయిన యువకుణ్ణి కలిపి చెబితే అంకె మారుతుంది. అలా కలపడం తప్పు కాదు, ఉద్యమం అతన్ని ఆ వరసలోనే చూసింది. కానీ ఏది కలిపారో చెప్పకుండా అంకె రాస్తే రేపు ఎవడో ఒకడు ‘వీళ్లకి శవాల లెక్క కూడా రాదు’ అంటాడు. అనడానికే కాచుకుని వుంటారు.

తీర్పు సంగతి మరీ ముఖ్యం. వూళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడం చుండూరు దళితులు పోరాడి సాధించుకున్నది. ఆ కోర్టు 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. మన సైట్లు చాలా అక్కడే ఆగిపోయాయి. గెలుపు వార్త ఎక్కించి, సంబరం ఫొటో పెట్టి, తర్వాత ఆ పేజీ తెరవలేదు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. ఈ రెండో వాక్యం లేని పేజీని పట్టుకుని పేపర్ రాసినవాడు చుండూరుకి న్యాయం జరిగిందని రాస్తాడు. రాశాడు కూడా. ‘తాజాదనం’ అనే ప్రశ్న ఐదింటిలో మనకి బాగా అక్కరకొచ్చేది ఇక్కడే. దాన్ని మన సైట్ల మీదే ముందు వెయ్యాలి.

మరి హైకోర్టు తీర్పు వున్న సర్కారీ సైటు? నూటికి నూరుపాళ్లు నమ్మాలి, కోర్టు ఏమన్నదన్న దానికి. ఆ రోజు పొలాల్లో, కాలవ గట్ల మీద ఏం జరిగిందన్న దానికి అది ఒక కాగితం మాత్రమే. నేరం రుజువు కాలేదని కోర్టు అంటే చంపినవాళ్లు లేరని అర్థం కాదు, శవాలున్నాయి కదా. విద్యార్థి ఈ రెంటినీ కలిపేస్తున్నాడు. సైటు అసలైందా అన్నది ఒక ప్రశ్న. అందులో వున్న కాగితం దేనికి సాక్ష్యం అన్నది ఇంకో ప్రశ్న. ప్రభుత్వ ముద్ర మొదటి దానికే జవాబు.

నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో సైటులో ఎస్సీల మీద నేరాల పట్టికలుంటాయి. ప్రతి థీసిస్‌లో మొదటి అధ్యాయం వాటితోనే మొదలవుతోంది. ఆ పట్టిక లెక్కపెట్టేది దౌర్జన్యాల్ని కాదు, పోలీసు స్టేషన్లో నమోదైన కేసుల్ని. కేసు తీసుకోకుండా రాజీ చేసి పంపిన స్టేషన్లో దౌర్జన్యం సున్నా. ఒకే కేసులో చాలా నేరాలుంటే వాటిలో పెద్దదాన్నే లెక్కలోకి తీసుకుంటామని బ్యూరో తనే చెప్పుకుంటుంది. కేసులు పెరిగాయంటే దాడులు పెరిగాయా, ఫిర్యాదు చేసే ధైర్యం పెరిగిందా? పట్టిక చెప్పదు. పట్టిక అబద్ధం ఆడటం లేదు, మనమే దానితో ఆడించేస్తున్నాం.

ఇక పాత పుస్తకాల స్కానింగులు. ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద మాకు గౌరవం వుంది. పైసా అడక్కుండా హాస్టల్ కుర్రాడికి గ్రంథాలయం తెరిచిపెట్టింది. అందులో ఎడ్గర్ థర్స్టన్, రంగాచారి కలిసి 1909లో తెచ్చిన ‘దక్షిణ భారత కులాలు, తెగలు’ ఏడు సంపుటాలూ వున్నాయి. నాలుగో సంపుటంలో మాల, మాదిగ. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా వుంటూ మనుషుల ముక్కుల్ని కొలబద్దతో కొలిచి కులాల్ని వర్గీకరించిన దొర ఈయన. స్కాన్ నమ్మకమైందే, ఒక్క అక్షరం మారలేదు. అందుకని అందులో మాదిగల గురించి రాసిన స్వభావ వర్ణనలూ నమ్మకమైనవేనా? మన పిల్లలే వాటిని ‘మా కుల చరిత్ర’ అని ఎత్తి రాసుకోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. థర్స్టన్‌ని వాడొద్దని మేం అనం. దొర, దొరకి కబుర్లు మోసిన కరణాలు మనల్ని ఎలా చూశారన్న దానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు.

వికీపీడియా గురించి అందరూ ఒకటే అంటారు, ఎవరైనా మార్చెయ్యొచ్చు కాబట్టి పనికిరాదని. మా అభ్యంతరం వేరు. దాని నియమమే అచ్చయిన ఆధారం చూపించమంటుంది, సొంత పరిశోధన రాయొద్దంటుంది. రచ్చబండ పుకార్లు రాకుండా ఆపడానికి అది మంచిదే. కానీ అచ్చు ఎవరి చేతిలో వుంది? అచ్చుకెక్కనివాళ్ల బతుకు ఆ నియమం ప్రకారం ఆధారం లేని బతుకు. దీన్ని గుర్తించి 2011లో అచల్ ప్రభల, ఆయన తోటివాళ్లు భారతదేశంలోనూ దక్షిణాఫ్రికాలోనూ కొన్ని వూళ్లలో జనం చెప్పిన మాటల్ని రికార్డు చేసి, ఆ రికార్డునే ఆధారంగా చూపించే ప్రయోగం చేశారు. మలయాళం, హిందీ, సెపెడి భాషల్లో. ఆ పద్ధతి వికీపీడియాలో స్థిరపడలేదు. మా దృష్టిలో మాత్రం అది మన పరిశోధకులు అందుకోవాల్సిన పని. దళిత్ కెమెరా లాంటివాళ్లు వీడియోల్లో చేస్తున్నది దీనికి దగ్గరిదే. అక్కడ మనిషి కనిపిస్తాడు, తన పేరు చెబుతాడు, ఎక్కడినుంచి మాట్లాడుతున్నాడో తెలుస్తుంది. వర్క్‌షాప్ పంతులు దాన్ని ‘యూట్యూబు వీడియో’ అని కొట్టెయ్యడం సులువు. పేరూ వూరూ లేకుండా ‘విశ్వసనీయ వర్గాల ప్రకారం’ అని రాసిన పెద్ద పత్రిక మాత్రం ఆయనకి ఆధారం!

డబ్బు సంగతి కూడా అనుకోవాలి. చుండూరు మీద 1991లోనే ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో సమతా సంఘటన అధ్యయనం వచ్చింది, బాలగోపాల్ రాశాడు. వూరెళ్లి, మనుషుల్ని కలిసి రాసినవి. ఆ పత్రిక సైటులో పాత సంచికలు చదవాలంటే చందా కట్టాలి, లేదా మీ విశ్వవిద్యాలయం కట్టి వుండాలి. కేంద్ర విశ్వవిద్యాలయంలో వున్నవాడు మీట నొక్కి చదువుతాడు. జిల్లా కాలేజీలో ఎం.ఏ. చదివే అమ్మాయికి మొదటి పేరా కనిపించి తలుపు మూసుకుంటుంది. ఆమె ఏం చేస్తుంది? ఉచితంగా తెరుచుకున్న ఏదో సైటులోంచి రాసుకుంటుంది. తర్వాత ఆమెకి మూలాల విచక్షణ లేదని మనం మార్కులు తగ్గిస్తాం. బాలగోపాల్ రచనల్ని ఆయన మిత్రులు విడిగా సైటు పెట్టి ఉచితంగా అందుబాటులోకి తెచ్చిన తర్వాత ఎంతమంది చదవగలిగారో మాకు తెలుసు. అలాంటి పని ఇంకా చాలా జరగాలి.

ఇప్పుడు మళ్లీ మన ఇంటికి. పరులని ఇన్ని మాటలన్నాక మన సైట్లని వదిలేస్తే మేం నిజాయితీ లేనివాళ్లమవుతాం.

కొలంబియా కథ అసలు ఏంటి? 2004లో ఆ విశ్వవిద్యాలయం 250 ఏళ్ల పండగ చేసుకుంటూ, తమ కాలం కంటే ముందున్న కొలంబియన్లు అని ఒక జాబితా వేసింది. అందులో అంబేద్కర్ వున్నారు. అది ర్యాంకుల జాబితా కాదు, ఒకటో నెంబరు, రెండో నెంబరు అని లేదు, ప్రపంచ పండితుల పోటీ అసలే కాదు. ఈ సంగతి ఒక సైటు నుంచి ఇంకో సైటుకి, వాట్సాప్‌కి, ఫ్లెక్సీకి పోతూ పోతూ ‘ప్రపంచంలో మొదటి పండితుడు’ అయ్యింది. ముప్పై రెండు డిగ్రీలు అనేదీ అలాంటిదే. లెక్క తెలిసినవే చాలవా? కొలంబియాలో 1915లో ఎం.ఏ., 1927లో పీహెచ్‌డీ పట్టా. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో 1921లో ఎమ్మెస్సీ, 1923లో డీఎస్సీ. బారిస్టరు. బడిలో గోనెపట్టా మీద విడిగా కూచోబెట్టిన పిల్లాడు సాధించింది ఇది. దీనికి నకిలీ కిరీటం అతికించాల్సినంత కరువు మనకేం వచ్చింది?

రిజర్వు బ్యాంకు కథ చూడండి. ఆయన పుస్తకం చూసే రిజర్వు బ్యాంకు పెట్టారని వందల సైట్లలో వుంది. ‘రూపాయి సమస్య’ 1923లో అచ్చయింది. హిల్టన్ యంగ్ కమిషన్ ముందు ఆయన 1925లో సాక్ష్యం ఇచ్చారు. ఆ కమిషన్ కేంద్ర బ్యాంకు కావాలని సిఫార్సు చేసింది, 1934లో చట్టం, 1935 ఏప్రిల్ 1న బ్యాంకు. ఇవన్నీ నిజాలు. వీటిని గుచ్చి ‘ఆయనే పెట్టించారు’ అన్నది మన దండ. నష్టం ఏంటంటే, ఆ దండ వేసినవాళ్లలో పుస్తకం తెరిచినవాళ్లు తక్కువ. నాణెం విలువని పాలకుల ఇష్టాయిష్టాలకి వదిలేస్తే పేదవాడి చేతిలో రూపాయి ఏమవుతుందో ఆయన ఆందోళనపడి వాదించారు. ఆ వాదన పోయి, బ్యాంకు బోర్డు మీద పేరు కోసం తగువు మిగిలింది. అబద్ధపు పొగడ్త ఆయన్ని చదవనివ్వకుండా చేస్తోంది. విగ్రహానికి దండ వేసి పుస్తకం మూసేసే పని పాలకులు ఎలాగూ చేస్తున్నారు, మనం కూడా చెయ్యాలా?

మేం విద్యార్థులకి ఒక చిన్న చిట్కా చెబుతుంటాం. అంబేద్కర్ మీద ఏదన్నా కొత్త సైటు కనిపిస్తే ముందు కుల నిర్మూలన గురించి ఏం రాశారో చూడండి. ఆ ప్రసంగాన్ని ఆయన లాహోర్లో ఇచ్చారని వుంటే, ఆ సైటులో తక్కిన మాటల్ని ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి. 1936లో జాత్ పాత్ తోడక్ మండల్‌వాళ్లు ఆయన్ని పిలిచి, రాసింది చూసి బెదిరిపోయి, మార్చమన్నారు. ఆయన కామా కూడా మార్చనన్నారు. సభ రద్దయింది, ఆయన సొంత ఖర్చుతో అచ్చువేశారు. ఇవ్వని ప్రసంగాన్ని ఇచ్చారని రాసినవాడు ఆ పుస్తకం ముందుమాట కూడా చదవలేదన్నమాట. ఆ సైటులో ఇంకేం చదివి రాశాడని నమ్మాలి?

అదే కుల నిర్మూలన కొలంబియా విశ్వవిద్యాలయం సైటులో ఫ్రాన్సిస్ ప్రిట్చెట్ అనే పండితురాలు పెట్టిన తీరు చూడమని చెబుతాం. పాఠం ఎక్కడినుంచి తీసుకుందో, చదువుకోవడానికి వీలుగా తను ఏ అంకెలు, ఏ శీర్షికలు చేర్చిందో చెప్పుకుంది. ‘వీసా కోసం ఎదురుచూపు’ పెట్టినప్పుడు మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన పన్నెండో సంపుటంలో ఏ పేజీల నుంచో కూడా రాసింది. చదివేవాడు సంపుటం తెరిచి పోల్చుకోవచ్చు. ఆ సైటుని మేం నమ్మేది అది అమెరికాది అయినందుకు కాదు, ఆ దారి వదిలిపెట్టినందుకు. మన ఆశ్రమ పాఠశాల పంతులు ఇంట్లో కూచుని నడిపే సైటు కూడా ఈ పని చెయ్యగలదు. కాణీ ఖర్చు లేదు.

మూల సంపుటాల మీదా కన్ను వుండాలి. వసంత్ మూన్ చేసిన చాకిరీకి మనం జన్మంతా రుణపడి వున్నాం. 1979 నుంచి వస్తున్న ఆ సంపుటాల్ని విదేశాంగ శాఖ సైటు ఉచితంగా పెట్టింది, మంచిదే. కానీ 1987లో నాలుగో సంపుటం వచ్చినప్పుడు రాముడూ కృష్ణుడూ అన్న ప్రకరణం మీద బొంబాయిలో ఎంత గొడవ జరిగిందో గుర్తుండాలి. తీసెయ్యమని ఒకళ్లు, ముట్టుకుంటే వూరుకోమని దళితులు లక్షల్లో వీధుల్లోకొచ్చారు. చివరికి ఆ అభిప్రాయాలతో ప్రభుత్వం ఏకీభవించదని ఒక గమనిక చేర్చి వుంచారు. ఆ గమనిక మీ పేజీలో కనిపిస్తే అది అంబేద్కర్ రాసింది కాదని తెలిసుండాలి. దొరకని కాగితాలు, పూర్తికాని రాతప్రతులు కూడా వాటిలో వున్నాయి.

ఇప్పుడు యంత్రమే అడిగిన ప్రశ్నకి జవాబు రాసిచ్చే కాలం వచ్చింది. రాజా, అది బాగానే రాస్తుంది. ఆ వాక్యం ఎక్కడిదని అడిగి, అది చూపించిన చోటికి వెళ్లి, నిజంగా అక్కడ వుందో లేదో నీ కళ్లతో చూడు. లేకపోతే అది కూడా ఆ వందల సైట్ల గొంతే.

మేం మా విద్యార్థుల ఫుట్‌నోట్లలో కొన్ని కోరడం మొదలుపెట్టాం. సైటు పేరు మాత్రమే రాస్తే వెనక్కి ఇచ్చేస్తున్నాం. ఏ రోజు చూశావు, ఆ రోజు పేజీని వేబ్యాక్ మెషీన్లో దాచావా లేదా. 2009లో జియోసిటీస్ మూసేసినప్పుడు లక్షల పేజీలు పోయాయి, చిన్న సైట్లు ఎప్పుడు ఆరిపోతాయో తెలియదు. ఆ వాక్యం ఆ సైటు సొంతమా, ఇంకెక్కడినుంచన్నా తెచ్చిందా, తెస్తే మొదటి చోటుదాకా నడిచావా. ప్రభుత్వ సైటుకీ ఇదే, మన సైటుకీ ఇదే. మొదట్లో సణిగారు. ‘పైవాళ్ల పిల్లల్ని ఇలా అడుగుతారా సార్?’ అని ఒకమ్మాయి నిలదీసింది. అడగరు. వాళ్ల పిల్లాడు లింకు మరిచిపోతే పొరపాటు, నువ్వు మరిచిపోతే రిజర్వేషన్. ఆ అన్యాయం మాకు తెలుసు, దాని మీద కొట్లాట వేరేగా చేస్తున్నాం. ఫుట్‌నోట్ మాత్రం రాయమన్నాం. రాసింది.

వైవా కుర్రాడు ఇప్పుడు థీసిస్‌ని పుస్తకంగా దిద్దుతున్నాడు. ఆ వాక్యం తీసేశాడు. ఆ చోట, 1952లో కొలంబియా విశ్వవిద్యాలయం అంబేద్కర్‌కి గౌరవ ఎల్ఎల్‌డీ ఇచ్చిందని రాసి ఆధారం చూపించాడు. మూడు వూళ్ల రికార్డింగులకి తేదీ, చోటు, మాట్లాడినవాళ్ల అనుమతి కలిపి అనుబంధం తయారుచేస్తున్నాడు. ఒక ముసలమ్మ తన పేరు వెయ్యమంది, ఇంకొకాయన వద్దన్నాడట. వద్దన్నాయన మాటల్ని ఎలా చూపించాలన్నది మొన్న మా దగ్గరికి తెచ్చాడు. దాని మీద ఇంకా మాట్లాడుకుంటున్నాం.